ఇంటికి తాళం

వేసవి సెలవులు వచ్చాయంటే ఇంటిల్లిపాదికీ ఎక్కడికైనా పోయి రావాలని బుద్ధి పుడుతుంది. ఊటీకీ, సిమ్లాకూ పోయేటంత తాహతూ తీరికా లేని మాబోటివాళ్ళం పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణాలతో సరిపెట్టుకుంటాం. మా యిల్లు దిల్‌సుఖ్‌నగరుకూ ఎల్.బి.నగరుకూ మధ్య కొత్తపేటలో ఒక సందులో వుంది. ఇటువంటి ప్రయాణాలకు ఇంతకంటె అనువైన చోటు హైదరాబాదు మొత్తం మీద లేదని మావారి వాదన. ఎల్.బి.నగరు చౌరస్తాలో నిలబడితే ఒక రోడ్డు విజయవాడకు పోతుంది, ఇంకొకటి నాగార్జునసాగరుకు పోతుంది. 2018 సెప్టెంబరులో మెట్రోరైలు ఎల్.బి.నగరు దాకా వచ్చింది కనుక ఊళ్ళోకి పోవటానికీ ఇబ్బంది లేదు. ఇన్ని దారులున్న చోట వుండి సెలవుల్లో ఇంట్లో కూర్చోవటం మహాపాపమని ఆయన ఉద్దేశం.

దారులు ఎన్ని వున్నా బయలుదేరటమే కష్టం. ప్రయాణమంటే నిజానికి రెండు ప్రయత్నాలు. ఒకటి వెళ్ళేవాళ్ళ కోసం. రెండోది వెనక వుండిపోయే ఇంటి కోసం.

మొదటిదాంట్లో నాకు మంచి ప్రావీణ్యమే వుంది. ముందునాటి రాత్రే చింతపండు పులుసు నూనె తేలేదాకా ఉడికించి పెట్టుకుంటాను. తెల్లవారుజామున అన్నం వార్చి కలిపితే ఆ పులిహోర సాయంత్రం దాకా చెక్కుచెదరదు. పెరుగన్నానికి మాత్రం పెరుగు పొయ్యకూడదు. అన్నంలో గోరువెచ్చని పాలు పోసి ఒక చెంచాడు పెరుగు కలిపితే మధ్యాహ్నానికి అదే కమ్మగా తోడుకుంటుంది. కొబ్బరి పచ్చడీ, బంగాళాదుంప కూరా మే నెల ఎండకు ఓర్చుకోలేవు; వాటిని ఇంట్లోనే వుంచాలి. సర్వపిండి ఎంత దూరమైనా వస్తుంది. ఇక మంచినీళ్ళు మనిషికి రెండు లీటర్లకు తక్కువైతే ప్రయాణమే మానుకోవటం మంచిది. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన సీసా ఒకటి నా సంచిలో ఎప్పుడూ వుంటుంది. వడదెబ్బ తగిలిన తర్వాత వైద్యం చేయించటం కన్న తగలకుండా చూసుకోవటం చవక. పన్నెండు మొదలు మూడు, నాలుగు గంటల దాకా నీడపట్టున వుండాలనేది మా యింట్లో తిరుగులేని శాసనం.

రెండో ప్రయత్నం సంగతి నాకు పదహారేళ్ళ పాటు తెలియనే తెలియదు. ఎందుకంటే మా అత్తమ్మ వుంది.

"మీరు పోయి రాండ్రి బిడ్డా. ఇంటికాడ మనిషుండొద్దా?" అనేది ఆవిడ ప్రతిసారీ. మేము ఒకమాటు బతిమాలి, రెండోమాటు మర్యాదకు బతిమాలి, మూడోమాటు చెప్పులు తొడుక్కునేవాళ్ళం. ఆవిడ వాకిట్లో నిలబడి సందు మలుపు తిరిగేదాకా చూసేది. ఇక ఆనాటి బరువంతా ఆవిడదే. మా పేటలో నల్లా దినం విడిచి దినం వస్తుంది. ఆ వచ్చేది ఏ వేళకో దానికే తెలియాలి. అది పట్టాలి. పాలు తీసుకోవాలి. తులసికీ, డాబా మీది కుండీలకూ, పిట్టలు తాగే ముంతకూ నీళ్ళు పొయ్యాలి. సూర్యాపేట వైపు నుంచి వచ్చే మా చుట్టాలంతా ఎల్.బి.నగరులోనే బస్సు దిగుతారు. ఆస్పత్రి పని మీద ఒకరు, పిల్లల కాలేజీ సీట్ల కోసం మరొకరు చెప్పాపెట్టకుండా వస్తూనే వుంటారు. వాళ్ళకు ఇంత అన్నం పెట్టాలి. వీటన్నిటికీ మించి దొంగల భయం. ఒకసారి సంక్రాంతికి ఊరెళ్ళినవాళ్ళ ఇంట్లో, మా సందులోనే, బీరువా పగలగొట్టారు. ఆనాటి నుంచి అత్తమ్మ గుమ్మం దాటటం మరీ తగ్గించింది.

ఒక ఏడు నాగార్జునసాగరు పోయి వచ్చాం. నెహ్రూగారు 1955 డిసెంబరులో పునాదిరాయి వేసిందీ, ఇందిరాగాంధిగారు 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలిందీ దారిపొడుగునా పిల్లలకు చెప్పాను. మన నల్లాలో వచ్చే కృష్ణానీళ్ళు కూడా ఇక్కడి జలాశయం నుంచే వస్తాయని చెబితే వాళ్ళు ఎంతో ఆశ్చర్యపోయారు. రాత్రి పదింటికి ఇల్లు చేరేసరికి అత్తమ్మ బిందెలన్నీ నింపి మూతలు పెట్టి కూర్చుని వుంది. మేము ఒక రోజంతా వెచ్చించి చూసివచ్చిన నీళ్ళను ఆవిడ ఇంటి దగ్గర కూర్చుని బిందెలకు పట్టింది. అప్పటికి అది నాకు తోచలేదు. ఒళ్ళు అలిసిపోయి వున్నాను కదా, తీసిపెట్టిన అన్నం తిని పడుకున్నాను.

తోచవలసిన రోజు రెండేళ్ళ కిందట వచ్చింది. ఆ ఆదివారం పిల్లలను తీసుకుని వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలికి పోయాం. ఒకప్పుడు అది నిజాము వేటాడిన అడవి. మహావీరుని నిర్వాణానికి 2500 ఏళ్ళు నిండిన సందర్భంలో, 1975లో, ఆ పేరు పెట్టి కృష్ణజింకలకు నెలవుగా చేశారు. ఇంటికి వచ్చి పిల్లలు ఆ కబుర్లే చెబుతుంటే అత్తమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ అడిగింది:

"ఆ జింకలు నిజంగనే నల్లగుంటయా?"

"మగవే నల్లగా వుంటాయి నానమ్మా. ఆడవి గోధుమరంగు. మగవాటికి కొమ్ములు మెలితిరిగి ఇంత పొడుగు!" అని మావాడు చేతులు చాపి చూపించాడు.

"గట్లనా!" అని ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

అంతే. అంతకుమించి ఒక్క మాట లేదు. కాని నాకు ఆ పూట అన్నం సయించలేదు. మా గుమ్మానికీ ఆ అడవికీ మధ్య పట్టుమని పది కిలోమీటర్లు లేదు. పదహారేళ్ళుగా ఈ యింట్లో వున్న మనిషి, మనుమడి చేతులు చూసి జింక కొమ్ములు ఊహించుకోవలసి వచ్చింది.

రాత్రి మంచం పక్కన కూర్చుని అడిగాను. "మీకు ఎక్కడికీ రావాలని వుండదా అత్తమ్మా?"

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్ళకొకసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. వాళ్ళ ఊళ్ళో బండ్లు కట్టుకుని అందరూ పోయేవాళ్ళట. పెండ్లయిన కొత్తలో ఒకసారి పోయింది. ఆ తర్వాత వాళ్ళ అత్తగారు మంచాన పడింది. ఆవిడ పోయిన తర్వాత ఈనిన బర్రె వుండేది. ఆ తర్వాత పసిపిల్లలు. "ఎవరో ఒకరు ఇంటికాడ ఉండాలె గద. ఉండేది నేనే అని అందరికీ అలవాటైంది. నాకూ అలవాటైంది" అన్నది.

నిజం ఒప్పుకోవద్దూ? ఆవిడ రాకపోవటం మాకు సౌకర్యంగా వుండేది. "పెద్దావిడ, ఎండలకు ఓర్చుకోలేదు" అని పదిమందికీ చెప్పుకున్నాం గాని, అసలు సంగతి అది కాదు. మా యింటికి ఆవిడే తాళం.

ఇది అలంకారానికి అన్నమాట కాదు. ఆవిడను తీసుకుపోదామని నిశ్చయించుకున్న మరునాడు వెతికితే ఇంట్లో తాళంకప్ప అనేది లేదు! ఉన్న ఒక్కటీ మేకుకు వేలాడుతూ తుప్పు పట్టి వుంది. దాని చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మావారు కిరసనాయిలు కోసం బజారంతా తిరిగి, దొరక్క కొబ్బరినూనె పోసి ఒక గంట కుస్తీ పట్టారు. చివరకు దిల్‌సుఖ్‌నగరు పోయి కొత్తది కొన్నాం. అత్తమ్మ దాన్ని రెండు చేతులా పట్టి గుంజి, కొట్టువాడి ఎదుటే మూడుసార్లు పరీక్ష చేసింది.

ఆ వారమంతా నేను రెండో ప్రయత్నం నేర్చుకున్నాను. సంపుకు బాల్‌వాల్వు పెట్టించాం. నల్లా ఎప్పుడు వచ్చినా నిండగానే దానంతట అదే ఆగిపోతుంది. పాలు, పేపరు ఎదురింటివాళ్ళను తీసుకోమన్నాం. గుమ్మంలో పడివున్న పేపరును మించిన ఆహ్వానం దొంగకు మరొకటి వుండదు. కుండీల మీద తడి గోనెపట్టా కప్పాం. చుట్టాలకు ముందుగా ఫోను చేశాం. నగానట్రా బ్యాంకు లాకరుకు చేర్చాం. వెళ్ళిన చోటి ఫొటోలు తిరిగి వచ్చేదాకా వాట్సాప్‌లో పెట్టకూడదని పిల్లల చేత ఒట్టు పెట్టించాం. నాలుగురోజులు ఊరు విడిచిపోయేటట్లయితే దగ్గరి ఠాణాలో చెప్పి వెళ్ళమని పోలీసువారు సెలవుల్లో ఎప్పుడూ చెప్పేదే.

ఇంత చేసీ మొదటి ఆదివారం ఓడిపోయాం. ఎల్.బి.నగరు సిగ్నలు దగ్గర కారు ఆగగానే అత్తమ్మ, "గ్యాసు బందు చేసినవా బిడ్డా?" అన్నది. చేశానన్నాను. "సూసినవా?" అన్నది. చూశానన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు గాని, చేతులు వణకటం చూశాను. బండి తిప్పించాను. ఇంటికి వచ్చి చూస్తే గ్యాసు ఆపే వుంది. అప్పటికి ఎండెక్కింది. పిల్లలు మూతులు ముడుచుకున్నారు. పులిహోర హాల్లో చాప పరుచుకుని తిన్నాం.

ఆ పూట నాకొక సంగతి బోధపడింది. ఇంటిని సిద్ధం చేశానే గాని, ఇంటిని కాచిన మనిషిని సిద్ధం చెయ్యలేదు. ఇన్నేళ్ళుగా ఆవిడ చేతుల్లో వున్న పనిని ఆవిడను అడగకుండా నేను లాక్కున్నాను. భయం పుట్టదు మరి?

మరుసటి ఆదివారం పెత్తనమంతా ఆవిడకే వప్పగించాను. గ్యాసు రెగ్యులేటరు ఆవిడే తిప్పింది. మోటారు స్విచ్చి, ఇస్త్రీపెట్టె, వంటింటి కిటికీ ఒక్కొక్కటే తాకి పైకి చెబుతూ వచ్చింది. తులసికి నీళ్ళు పోసి దణ్ణం పెట్టింది. తాళం తనే వేసి మూడుసార్లు గుంజి, చెవిని కొంగున ముడివేసుకుంది. ఎల్.బి.నగరు సిగ్నలు దగ్గర అందరం ఊపిరి బిగబట్టాం. ఆవిడ కొంగు ముడిని ఒకసారి తడుముకుని, కిటికీలోంచి ఫ్లైఓవరు చూస్తూ, "ఇదెప్పుడు గట్టిన్రు?" అన్నది.

అడవిలో ఎండకు జింకలన్నీ చెట్లకిందికి చేరాయి. ఒక గుంపు మాత్రం దారి పక్కనే మేస్తున్నది. మధ్యలో నల్లటి పోతు, మెలితిరిగిన కొమ్ములతో, బొమ్మలా నిలబడింది. అత్తమ్మ దాన్ని చూసిన దానికంటె మేసే ఆడజింకలనే ఎక్కువసేపు చూసింది. అన్నీ తల వంచి మేస్తుంటే ఒకటి తలెత్తి నలువైపులా చూస్తుంది. కాసేపటికి అది వంచుతుంది, మరొకటి ఎత్తుతుంది.

"సూసినవా బిడ్డా, కావలి ఒక్కదానికే పెట్టలే. వంతులేసుకుంటున్నయి" అన్నది అత్తమ్మ.

నేను ఎమ్మే చదివి, ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో తెలియలేదు.

ఆ తర్వాత యాదగిరిగుట్టకు పోయాం. ఈ వేసవిలో పిల్లలు భూదాన్ పోచంపల్లి పోదామన్నారు. 1951 ఏప్రిల్ 18న వినోబాభావేకు వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాలు ఇచ్చిన ఊరు. అక్కడి నేతగాళ్ళు ముందే నూలుకు ముడులు వేసి రంగులద్ది, ఆ పైన మగ్గానికి ఎక్కిస్తారు. చీరె మీద పువ్వు ఎక్కడ పూయాలో నేత మొదలుకాక ముందే తేలిపోతుంది. తీరా ప్రయాణం రేపనగా నాకు దిద్దవలసిన జవాబుపత్రాల కట్టలు వచ్చిపడ్డాయి. పైగా ఎదురింటివాళ్ళు ఊళ్ళో లేరు.

"మీరంతా పోయి రండి. నేను ఇంట్లో వుంటాలే" అన్నాను.

ఆ మాట నా నోట ఎంత తేలిగ్గా వచ్చిందో! మావారు సరేనన్నారు. పిల్లలు ఒకసారి బతిమాలి, రెండోసారి మర్యాదకు బతిమాలారు.

అత్తమ్మ మాత్రం సర్వపిండి డబ్బా మూత పెట్టి, నా ముందున్న కాగితాల కట్టను తీసి బీరువాలో పెట్టింది. కొంగుముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"మొదలు గిట్లనే అయితది బిడ్డా. ఒక్కపాలి ఉంటవు, ఇగ ఎల్లకాలం ఉంటవు. తాళముంది గద, లే" అన్నది.