కాపలా కాసినోళ్ల లెక్క

గోల్ కొట్టినోడి పేరు లోకమంతా తెలుస్తుంది. గోల్ పడకుండా కాసినోణ్ణి ఎవరు లెక్కబెట్టారు? మా తాత ఊరి చెరువుకు నీరటికాడు. రాత్రనక పగలనక తూము కాసి పొలాలకు నీళ్లు పారించాడు. పండిన పుట్లన్నీ దొర పేరు మీదే చెప్పుకున్నారు. అందుకే ఫుట్‌బాల్ చూస్తే నా కన్ను డిఫెండర్ మీదే ఉంటది. అందులోనూ లిలియన్ తురామ్ మీద.

1972లో గ్వాడెలూప్‌లో పుట్టాడు. 1848లో గానీ బానిసత్వం పూర్తిగా పోని ఫ్రెంచి దీవి అది. తల్లి ఇళ్లల్లో పాచిపని చేసి ఐదుగురు పిల్లల్ని ఒంటిచేత్తో సాకింది. తొమ్మిదేళ్లప్పుడు పారిస్ దగ్గర బడిలో చేరితే తోటిపిల్లలు కార్టూన్‌లోని నల్లావు పేరుతో ఎక్కిరించారు. నన్ను కులం పేరుతో పిలిచిన బడి నాకు గుర్తొస్తుంది.

మొనాకోలో మొదలై 1996లో పార్మా, 2001లో యువెంటస్, 2006లో బార్సిలోనా. ఫ్రాన్స్ తరఫున 142 మ్యాచ్‌లాడి కొట్టింది రెండే గోల్స్. రెండూ 1998 ప్రపంచకప్ సెమీఫైనల్లో, క్రొయేషియా మీద. 2-1తో గెలిచి, ఫైనల్లో కప్పు తెచ్చారు. జనం ఆ రెండు గోల్సే చెప్పుకుంటారు. గోల్ కొట్టని 141 మ్యాచ్‌ల కాపలా ఎవరి లెక్కలో రాయాలె?

2008లో గుండె లోపం బయటపడి ఆట మానేశాడు. కాపలా మానలేదు. ఆ ఏడాదే జాతివివక్ష మీద పిల్లలకు చదువు చెప్పే సంస్థ పెట్టాడు. జాత్యహంకారం పుట్టుకతో రాదు, నేర్పితే వస్తుందంటాడు. నేర్పింది బడైతే మాన్పాల్సిందీ బడే. సర్కారు బడి పంతుల్ని నేను. హాజరుపట్టీ తీసి ప్రతి పిల్లనూ, పిల్లగాణ్ణీ పూర్తి పేరుతో పిలుస్తాను.