మోతీ పథ్యం

మా నాన్న పోతూ పోతూ నాకు అప్పగించిన ఆస్తి మూడే మూడు. ఆళ్లగడ్డలో వానకు కారే పాత మిద్దె ఒకటి, చేతికర్ర ఒకటి, మోతీ ఒకటి. మిద్దెకు తాళం వేశాం. కర్ర తెచ్చి గోడకు ఆనించాం. మోతీని మాత్రం అమ్మతోపాటు నంద్యాలకు తెచ్చుకోక తప్పలేదు.

మోతీ అనగానే ఏ విలాయతీ జాతో అనుకునేరు! పన్నెండేళ్ల కిందట మా వీధి చివర శిల్పుల పాకలో, విగ్రహాలు చెక్కగా రాలిన రాతిపొడిలో దొర్లుతూ నాన్న కంటబడ్డ ఊరకుక్క పిల్ల. ఉలి చప్పుడే దానికి జోలపాట. నాన్న భోజనం ముగించి చివరి ముద్ద చేతిలో పట్టుకుని వసారాలోకి వస్తే, ఎక్కడ పడుకున్నా లేచి వచ్చేది. ఆ ముద్ద తప్పిన రోజు నాకు తెలిసి లేదు.

నంద్యాల వచ్చిన నెలలోపే దానికి కడుపు చెడింది. బేదులు, వాంతులు. రెండు రోజులు మూలన పడుకుని మూలిగింది. పశువుల డాక్టరు సూది వేశాడు, మందులిచ్చాడు, తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం. మరుసటి నెల మళ్లీ అదే గోల. అది తగ్గింది. ఆపై నెల మళ్లీ. మధ్యమధ్య చిన్నచిన్న అజీర్తులు సరేసరి. ఇంట్లో ఫినాయిలు సీసా ఖర్చు పాల ఖర్చుతో పోటీ పడిందంటే నమ్మండి.

సలహాలకేం కొదవ? లంఖణం పరమౌషధం అన్నారొకరు. అమావాస్య దగ్గర పడ్డప్పుడే వస్తోంది కనుక గాలి సోకిందనీ, మెడకు నల్లదారం కట్టమనీ పక్కింటి పెద్దాయన అన్నారు. నవ్వుకున్నాను గాని, ఆయన సగం నిజం చెప్పారని తరవాత తెలిసింది.

నా అనుమానం మాత్రం పనిమనిషి మీద. తాను తెచ్చుకున్న కూర ఏదో పెడుతోందని తీర్మానించి, ఒక పొద్దున నోటికొచ్చినట్టు కేకలేశాను. ఆమె మారు మాట్లాడకుండా అంట్లు తోమి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి మోతీ ఉన్న వైపు చూడటం కూడా మానేసింది. అది తోక ఊపుకుంటూ దగ్గరికి పోతే చీర కుచ్చెళ్లు సర్దుకుని పక్కకు తప్పుకునేది.

మూడోసారికి డాక్టరు, “మందుతో అణిచేస్తున్నాం గాని మూలం తెలియడం లేదు. ముసలిప్రాణం, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి రక్తపరీక్ష, స్కానింగు చేయించండి” అన్నాడు. కారు మాట్లాడుకుని బయలుదేరాం. శిరివెళ్ల దాటేదాకా మోతీ కళ్లు తెరవలేదు. అమ్మ అడిగిందని ఆళ్లగడ్డలో బండిని ఊళ్లోకి తిప్పించాను. శిల్పుల పాకల దగ్గర ఉలి చప్పుడు వినబడగానే ముసలిది చెవులు నిక్కబొడిచి లేచి నిలబడింది. కిటికీ అద్దం మీద ముక్కు ఆనించి, మా మిద్దె ముందు నుంచి బండి సాగిపోతుంటే కుయ్యిమంది. అమ్మ అటు తిరిగి కూచుంది.

ప్రొద్దుటూరులో మూత్రపిండాలు బాగానే ఉన్నాయన్నారు. క్లోమం మాత్రం వాచి ఉందట. కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి ఒక్కసారిగా పడితే కొన్ని కుక్కల్లో అది అలా రేగుతుందట. ముసలితనంలో, పదేపదే రేగితే, ప్రాణం మీదికే వస్తుందన్నారు. పథ్యం చెప్పారు: మెత్తగా వండిన అన్నంలోకి తోలు తీసిన ఉడికించిన కోడిమాంసం, లేదంటే గుడ్డులో తెల్లసొన. రోజుకు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా. నెయ్యి, నూనె, వేపుళ్లు బొత్తిగా కూడదు. నెమ్మదించాక, ఎల్లకాలం దీనిమీదే ఉంచితే బలం చాలదు గనుక, తాము రాసిచ్చిన మేతలోకి వారం పది రోజులు పట్టేలా మెల్లమెల్లగా మార్చాలన్నారు. ముసలిదాన్ని రోజుల తరబడి కడుపు మాడ్చకూడదన్నారు. మనం వేసుకునే నొప్పి మాత్రలు మనంతట మనం ఇస్తే కుక్కకు విషమేనన్నారు. విరేచనం తారులాగా నల్లగా వచ్చినా, నీళ్లు కూడా నిలవకుండా వాంతులయినా తెల్లవారేదాకా ఆగొద్దన్నారు. ఏం పెట్టాం, ఎప్పుడు పెట్టాం, విరేచనం ఎలా ఉంది, అన్నీ ఒక పుస్తకంలో రాయమన్నారు.

కుక్కకు అన్నమేమిటి, అది మాంసాహారి గదా అని నాకో శంక. ఇల్లు చేరాక చదివాను. పిండిపదార్థం అరిగించే రసానికి సంబంధించిన జన్యువు తోడేలుకు 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తేల్చారట. మన ముద్ద తినీ తినీ దాని కడుపే మారిపోయిందన్న మాట! ఆ మాటకొస్తే మన జీర్ణశక్తి సంగతులు నేర్పిందీ కుక్కలే. రష్యాలో పావ్లోవ్ వాటి మీద పరిశోధించి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ద్రాక్ష, కిస్‌మిస్ తింటే కుక్కలకు మూత్రపిండాలు చెడతాయి. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణమని ఇటీవల అనుమానిస్తున్నారు. మన చింతపండులో ఉన్నదీ అదే. చారన్నం, పులిహోర పెట్టే ఇళ్లవాళ్లు గుర్తుంచుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి రక్తాన్ని పాడుచేస్తాయి.

ఇక పథ్యం సంగతి. గుడ్డన్న మాటే మా గడప దాటి ఎన్నడూ లోపలికి రాలేదు. అమ్మతో చెప్పే ధైర్యం లేక పెరుగన్నం, పెసరపప్పుతో సరిపెట్టాను. పుస్తకం మాత్రం శ్రద్ధగా రాశాను. మూడు వారాలు ఇట్టే గడిచాయి. గట్టెక్కామనుకుంటుండగా నాలుగోసారి వచ్చిపడింది.

ఆ రాత్రి మా ఆవిడ డాక్టరు చీటీలు, నా పుస్తకం ముందు పెట్టుకుని, గోడ మీది తిథుల కాలెండరు తిరగేస్తూ కూచుంది.

“ఏమండీ, మామయ్యగారి మాసికం ఎప్పుడెప్పుడు పెట్టాం?”

“బహుళ ద్వాదశికి. ఏం?”

ఆమె మాట్లాడకుండా వేలు పెట్టి చూపించింది. నాలుగు ద్వాదశులు. ప్రతి దానికీ మర్నాడో మూడోనాడో మోతీ జబ్బు. ఇంగ్లీషు తేదీలు నెలనెలా వెనక్కి జరగడంతో నా బుర్రకు తట్టలేదు. మాసికం రోజున పనిమనిషికి సెలవు! నాలుక కరుచుకున్నాను.

పెరట్లో అమ్మ మోతీ తల నిమురుతూ కూచుని ఉంది. గట్టిగానే అడుగుదామని వెళ్లాను.

“అవున్రా, పెట్టాను. నాలుగు గారెలు, దోసెడు పాయసం, పైన నెయ్యి. మీ నాన్నకు ఇష్టమైనవన్నీ,” అంది నావైపు చూడకుండా. “నెలనెలా బ్రాహ్మలకు పెడుతున్నావు, కాకికి పెడుతున్నావు. పన్నెండేళ్లు ఆయన చేతి ముద్ద తిన్నవాడు గడప వంక చూస్తూ కూచుంటే, వీడి సంగతి ఎవరికైనా పట్టిందా?”

ఏం చెప్పను? ప్రొద్దుటూరులో క్లోమం గురించి చెప్పినదంతా అప్పుడు వివరంగా చెప్పాను. ముందే చెప్పి ఉండవలసింది. స్కానింగు గదిలోకి నేనొక్కణ్ణే వెళ్లి వచ్చి, “పెద్దావిడకు ఎందుకులే” అని “ఏం భయం లేదట” అనేశాను.

అమ్మ చెయ్యి మోతీ తలమీదే ఆగిపోయింది. “అయితే నా చేతులతో నేనే చంపుకుంటున్నానా వీణ్ణి?”

మా ఆవిడ వచ్చి పక్కన చతికిలబడింది. “ముద్ద మానమని ఎవరన్నారు అత్తయ్యా? అందులో ఏముండాలన్నదే గదా డాక్టరు చెప్పింది.”

అమ్మ చాలాసేపు పలకలేదు. తరవాత, “ఆ గుడ్డేదో ఎంతసేపు ఉడకాలిట?” అంది.

మర్నాడు పెరట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించింది. డెబ్బై ఆరేళ్లు వచ్చాక మొదటిసారి గుడ్డు ముట్టుకుని, పెంకు వలిచి, పచ్చసొన వేరుచేసి, పైన కొళాయి కింద స్నానం చేసినంత పని చేసింది. ఆ పచ్చసొన పనిమనిషి పిల్లవాడికి పోయింది. ఆమెతో, “నాదే తప్పమ్మా, నిన్ను అనరాని మాటలన్నాను” అన్నాను. “పోనీలే సార్” అంది గాని, రెండు రోజుల తరవాతే మోతీ వీపు మీద చెయ్యి వేసింది.

ఆ తరవాతి ద్వాదశికి మాసికం ముగిశాక, విస్తళ్లు ఎత్తకముందే అమ్మ గిన్నె పట్టుకుని వసారాలోకి వెళ్లింది. మెత్తటి అన్నం, తెల్లసొన, అంతే. ముద్ద చేసి అరచేతిలో పెట్టుకుని వంగలేక నాన్న కర్ర ఆనుకుంది. మోతీ వాసన చూసి ఒక్క నిమిషం ఆగింది. గారెల వాసన తగిలినట్టుంది కాబోలు, వంటింటివైపు ఒకసారి చూసి, తరవాత తినేసింది.

పుస్తకం ఇప్పుడు నా చేతిలో లేదు. అమ్మే రాస్తోంది, పెన్సిలుతో, తేదీలు కాదు తిథులే వేసి. మొన్న కళ్లజోడు వెతుకుతూ చూశాను: “చతుర్దశి. నాలుగు పూటలా తిన్నాడు. బేదులు లేవు. రాత్రి కలలో కాళ్లు ఆడించాడు.”