తాళపుచెవుల గుత్తి

మా అత్తగారు నడుమున తాళపుచెవుల గుత్తి దోపుకొని యిల్లు నడపిరి. నేటి యిల్లాలి గుత్తి కంటికి గనబడదు. కరెంటు బిల్లు, గ్యాసు, బ్యాంకు, పిల్లల బడి, అన్నిటికిని పాస్‌వర్డులే. నేనన్నిటికి నొక్కదానినే, అదియు మా అమ్మాయి పేరునే, పెట్టుకొంటిని.

గత వేసవిని మా దుండిగల్లులో డాబాపై మామిడి ఒరుగు లెండబెట్టుచుంటిని. ఎయిర్ ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానములు పైని తిరుగుచుండెను. అంతలో ఫోను మ్రోగెను. ఒక దుకాణమున నేనిచ్చిన పాస్‌వర్డు దొంగల చేజిక్కగా, దానితోడనే నా మెయిలును దెరచిరట! మెయిలు చిక్కినచో తక్కిన తాళములన్నియు మార్చవచ్చును గదా. ఆ రాత్రి నాకు నిద్రలేదు.

అమ్మాయియే నాకు పాస్‌వర్డు మేనేజరు నేర్పెను. అది ఖాతాకొక పాస్‌వర్డు కల్పించి దాచు పెట్టె. మనము గుర్తుంచుకొనవలసినది దానిని దెరచు మాట యొక్కటే. ఆ మాట పొడవుగా నుండవలెను. ఇంగ్లీషు చిన్నబడి యక్షరములు నాల్గింటి కూర్పులు 4,56,976 మాత్రమే. ఎనిమిదింటివి 20,000 కోట్లకు మించును. ఇంటివారి పేర్లకంటె రోలు, మేఘము, చింతపండు, బండిచక్రము వలె పొంతనలేని మాటల వరుస మేలు.

అది మరచినచో పెక్కు మేనేజరులను చేసినవారును తెరువజాలరు. కావున కాగితముపై వ్రాసి బీరువాలో నుంచి, ఆ చోటు అమ్మాయికి జెప్పితిని. అత్తగారును గుత్తిని నా చేతికిచ్చియే కన్నుమూసిరి.