ఎదురెదురుగా

మా ఊరి నుంచి పాడేరు వెళ్ళే దారిలో ఒక మలుపు ఉంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. కొండ వైపు అడ్డతీగలు దట్టంగా అల్లుకుని రోడ్డు మీదికి వంగి ఉంటాయి. ఎదురుగా వచ్చే బండి దగ్గరికి వచ్చేదాకా కనబడదు. 2022 డిసెంబరులో, సంత రోజు సాయంత్రం, మా అన్న ఆ మలుపు దగ్గర చనిపోయాడు.

ఆ రోజు అన్న రాజ్మా అమ్మి వస్తున్నాడు. పిల్లలిద్దరికీ స్వెట్టర్లు కొన్నాడు. ఎక్కిన ఆటోలో డ్రైవరు కాక ఎనిమిది మంది ఉన్నారు. అన్న డ్రైవరు పక్కన, సీటు అంచున కూర్చున్నాడు. మన దారుల్లో అలా కూర్చోని వాడెవడు? ఆటో ఎక్కుతోంది, లోడు లారీ దిగుతోంది. మలుపు దగ్గర లారీ తన పక్క వదిలి ఇవతలికి వచ్చేసింది.

నేను ఆశ్రమ పాఠశాలలో భౌతిక శాస్త్రం చెప్తాను. పెద్దకర్మ అయ్యాక బడికి వెళ్ళిన మొదటి రోజు తొమ్మిదో తరగతిలో ద్రవ్యవేగం పాఠం వచ్చింది. దాటేద్దామనుకున్నాను, కానీ చాక్‌పీసు తీసి బోర్డు మీద రెండు బండ్లు గీశాను. ఒకటి మనుషులతో కలిపి ఒక టన్ను ఆటో, రెండోది పదిహేను టన్నుల లారీ. లెక్క సులువు కోసం రెండూ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాయని రాశాను. ఢీకొని ఒకదానికొకటి అతుక్కుపోతే ఏమవుతుంది? లారీ వేగం 40 నుంచి 35కి తగ్గుతుంది. అంతే. అందులో ఉన్నవాడికి గట్టిగా బ్రేకు వేసినట్టు ఉంటుంది. ఆటో ముందుకు 40తో వెళ్తున్నదల్లా వెనక్కి 35తో వెళ్తుంది. అంటే రెప్పపాటులో 75 కిలోమీటర్ల మార్పు. ఢీకొట్టుకున్నవి రెండూ ఒక్కటే, దెబ్బ మాత్రం ఒక్కటి కాదు.

ఒక పిల్లాడు అడిగాడు, "సార్, బ్రేకు వెయ్యకూడదా?" ఇద్దరూ 40తో వస్తుంటే మధ్య దూరం సెకనుకు 22 మీటర్లు తరిగిపోతుంది. మలుపులో 40 మీటర్లు మాత్రమే కనబడితే ఇద్దరికీ రెండు సెకన్లు కూడా లేవు. అందులో ఒక సెకను చూసి, కాలు బ్రేకు మీద పెట్టేసరికే అయిపోతుంది. ఒకరు తప్పు పక్కకు వస్తే రెండో మనిషి చేయగలిగింది చాలా తక్కువ. అందుకే మలుపు దగ్గర వేగం తగ్గించాలి, హారన్ కొట్టాలి, దాటబోకూడదు. ఇరుకు కొండ దారిలో దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. ఆ రోజు బోర్డు తుడవలేదు. బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మాకు ఒక్కడే పోయాడు. కానీ మా ఇంట్లో సంపాదించేవాడు ఆ ఒక్కడే.

మూడో వారం లారీ యజమాని తరఫున ఇద్దరు మనుషులు వచ్చారు. ఊరి పెద్దలతో కూర్చుని, "కేసులు, కోర్టులు మీకెందుకు? యాభై వేలు ఇప్పిస్తాం, రాజీ చేసుకోండి" అన్నారు. తెల్ల కాగితం తీసి వదినను వేలిముద్ర వెయ్యమన్నారు. మన ఊళ్ళలో తగవు తీర్చడానికి పెద్దల మాట ఉంది. అది మంచి ఆచారమే. కానీ ఆ తగవులో రెండు వైపులవాళ్ళూ మన మధ్యే బతుకుతారు, మాట తప్పితే సంతలో మొహం చూపించాలి. లారీ యజమాని మొహం మేం మళ్ళీ చూడం. వదిన వేలిముద్ర వెయ్యలేదు. అయినా ఇదిగో అదిగో అని తిప్పుతూ ఏప్రిల్ దాకా గడిపేశారు.

వాళ్ళు ఆ నెలలు ఎందుకు గడిపారో నాకు తర్వాత తెలిసింది. మోటారు వాహనాల చట్టంలో చేసిన మార్పు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వెయ్యాలి. మాకు మిగిలింది రెండు నెలలు.

లాయరు ఎలా? ఒకాయన వచ్చిన దాంట్లో మూడో వంతు ఇమ్మన్నాడు. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం లాయర్ల వృత్తి నియమాలకే విరుద్ధమని అప్పుడు నాకు తెలియదు. ఒక సీనియర్ ఉపాధ్యాయుడు చెప్పిన మాట మమ్మల్ని కాపాడింది: "షెడ్యూల్డు తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 చట్టం. న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళు, లేదా 15100కి ఫోన్ చెయ్యి." వెళ్ళాం. ఒక యువ న్యాయవాదిని ఇచ్చారు. మేలో దరఖాస్తు పడింది.

అసలు గొడవ అక్కడ మొదలైంది. ఎఫ్ఐఆర్‌లో ఆటో అతివేగమని రాసి ఉంది. ఫిర్యాదు ఇచ్చింది లారీ మనిషి. అప్పటికి మావాళ్ళంతా ఆసుపత్రిలో ఉన్నారు. ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు బీమా కంపెనీ వాదన దాదాపు ఎప్పుడూ ఒకటే: తప్పు ఇద్దరిదీ, సగం సగం. కానీ ఎదురెదురుగా ఢీకొన్నంత మాత్రాన తప్పు చెరిసగం అయిపోదు. సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం మా ఊరి ఇంటర్ కుర్రాడి ఫోన్లో ఉంది. బండ్లు తీయకముందే వాడు నాలుగు ఫొటోలు తీశాడు. పగిలిన అద్దం ముక్కలు, లారీ టైర్ల గీతలు ఎక్కే పక్కనే ఉన్నాయి. కాలు విరిగిన ఇంకో ప్రయాణికురాలు వచ్చి చూసింది చూసినట్టు చెప్పింది.

ఇంకో చిక్కు. ఆటోకు బీమా గడువు ముగిసిపోయింది. ఆటోది కొంత తప్పని తేలితే ఆ భాగం ఎవరిస్తారు? ఇక్కడ ఒక తేడా మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. బండి నడిపేవాడికి తప్పులో వాటా ఉంటే అతని పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. కానీ ప్రయాణికుడు బండి నడపలేదు. రెండు బండ్ల తప్పు వల్ల అతను చనిపోతే, అతని కుటుంబం మొత్తం పరిహారాన్ని ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. సుప్రీంకోర్టు 2015లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. వాటాలు వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోవాలి.

మూడో గొడవ అన్న సంపాదన. ఎంత సంపాదించేవాడు? జీతం చీటీ లేదు. ఎకరం కాఫీ, అందులో మిరియం తీగలు, కొంత రాజ్మా, చోళ్ళు, మిగతా రోజులు కూలి. సంతలో కొన్నదానికి, అమ్మినదానికి రసీదు ఎవడిస్తాడు? కంపెనీ లాయరు నెలకు ఆరు వేలు అన్నాడు. మేం పది వేలు అన్నాం. ఆ నాలుగు వేల తేడా ఎంతో చూడండి. నలభై లోపు వయసున్న స్వయం ఉపాధి మనిషికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. ఆధారపడినవారు నలుగురైతే అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. అన్నకు 34 ఏళ్ళు కాబట్టి ఏడాది మొత్తాన్ని 16తో గుణిస్తారు. ఆరు వేలతో చేస్తే 12,09,600. పది వేలతో చేస్తే 20,16,000. కాగితం లేకపోవడం ఖరీదు ఎనిమిది లక్షలు.

ఇల్లంతా వెతికాం. కాఫీ అమ్మినప్పుడు జీసీసీ ఇచ్చిన చీటీలు రేకు పెట్టెలో దొరికాయి. బ్యాంకు పాస్‌బుక్కు, ఉపాధి హామీ జాబ్ కార్డు, అటవీ హక్కుల పట్టా పెట్టాం. ఆధార్‌లో అన్న పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే దాన్ని సరిచేసే ధ్రువపత్రం కోసం నాలుగు సార్లు తిరిగాం. రాజ్మా కొనే సావుకారి మొదట రానన్నాడు. తర్వాత తనంతట తనే ఖాతా పుస్తకం పట్టుకుని కొండ దిగి వచ్చాడు. అందులో మూడేళ్ళ లెక్కలు అన్న పేరున ఉన్నాయి. అన్న తీసుకున్న అడ్వాన్సులు కూడా ఉన్నాయి. వాటి గురించి సావుకారి ఒక్క మాట ఎత్తలేదు.

వదినను బోనులో నిలబెట్టిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. కంపెనీ లాయరు మర్యాదగానే అడిగాడు. "కాఫీ తోట మీ పేరు మీదే ఉంది కదమ్మా? భూమి ఎక్కడికీ పోలేదు కదా? మరి మీకు నష్టం ఏమిటి?"

వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "భూమి ఉంది బాబూ. ఆ కొండ ఎక్కి బస్తా దించే మనిషి లేడు. పండు చెట్టు మీదే ఎండిపోతంది. చెట్టుకి డబ్బులు కాయవు కదా, మనిషి కొయ్యాల."

దాన్ని రికార్డులో ఎలా రాశారో నాకు తెలియదు. కానీ 2025లో వచ్చిన తీర్పులో సంపాదన నెలకు పది వేలుగా తీసుకున్నారు. తప్పు ఎక్కువ భాగం లారీదే అన్నారు. మొత్తం లారీ బీమా కంపెనీయే కట్టాలన్నారు. భార్యకు, పిల్లలకు, తల్లికి తోడు పోయినందుకు విడివిడిగా, అంత్యక్రియలకు మరికొంత కలిపి 22 లక్షలు దాటింది. దరఖాస్తు వేసిన నాటి నుంచి వడ్డీ. పిల్లల వాటా వాళ్ళు మేజర్లయ్యేదాకా బ్యాంకులో ఉంటుంది.

ఆ డబ్బు వచ్చిన రోజు అమ్మ ముట్టుకోలేదు. "కొడుకుని తూకం వేశారా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తూకం వెయ్యడం తప్పే. కానీ మనం పక్కన లేనప్పుడు తూకం రాయి వాళ్ళ చేతిలోనే ఉంటుంది, ఆ సంగతి మన సంతలకు కొత్త కాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తోటి ఉపాధ్యాయులారా, ఇది ఎందుకు రాశానంటే మన దారుల్లో అలాంటి మలుపులు చాలా ఉన్నాయి. ప్రమాదం చూస్తే ముందు మనుషుల్ని ఆసుపత్రికి చేర్చండి. సాయం చేసినవారిని వేధించకూడదని చట్టమే చెప్తోంది, భయపడకండి. చేతిలో ఫోనుంటే బండ్లు కదపకముందు ఫొటోలు తీయండి, నంబర్లు రాసుకోండి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాగితం నకళ్ళు అడిగి తీసుకోండి. ఢీకొట్టిన బండి దొరక్కపోయినా, ప్రాణం పోతే రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ఇచ్చే ఏర్పాటు ఉంది. తప్పు ఎవరిదో నిరూపించకుండానే ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడిగే దారి ఇంకొకటి ఉంది. మీకు ఏది మేలో న్యాయవాదిని అడిగి తేల్చుకోండి. తెల్ల కాగితం మీద వేలిముద్ర మాత్రం వెయ్యకండి. ఆరు నెలలు మర్చిపోకండి.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి చీటీ ఆ రేకు పెట్టెలోకే వెళ్తుంది. అన్న పెద్ద కూతురు ఎనిమిదో తరగతి. కాఫీ చీటీల మీద తేదీలు తనే రాస్తుంది. మొన్న ఆదివారం మా ఊరి కుర్రాళ్ళం పదిమందిమి కత్తులు పట్టుకుని ఆ మలుపుకు వెళ్ళాం. కొండ వైపు అడ్డతీగలు, తుప్పలు నరికేశాం. ఇప్పుడు అక్కడ నిలబడితే కింది నుంచి వచ్చే బండి కొంచెం ముందుగా కనిపిస్తోంది.