హౌల్‌కు తెలుగు ఏమిటి?

చిలకలగూడలో మా గల్లీలో డిప్రెషన్ అనే మాట వినపడదు. 'దిల్ ఘబరారా' అంటారు. 'జీ నై లగ్‌రా' అంటారు. పెద్దవాళ్లయితే 'హౌల్ హోరా' అంటారు. మూడూ ఒకటి కావు. మొదటిది ఆందోళన, రెండోది దేనిమీదా మనసు నిలవకపోవడం, మూడోది కారణం తెలియని భయం. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేశాను గానీ, హౌల్‌కు సరిపడే తెలుగు మాట నాకు ఇంతవరకు దొరకలేదు. 'గుండెదడ' దగ్గరికొస్తుంది. కానీ ఆ మాట వినగానే డాక్టర్ ఈసీజీ రాస్తాడు.

మా పక్కింటి ఖాలాకు అదే జరిగింది. శౌహర్ ఇంతెకాల్ తర్వాత ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. రెండుసార్లు ఈసీజీ, ఒకసారి టూడీ ఎకో, అన్నీ నార్మల్. ఎవరో చెబితే తావీజ్ కూడా కట్టుకుంది. చివరికి కొడుకు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళుతూ నన్నూ రమ్మన్నాడు. డాక్టరమ్మకు ఉర్దూ రాదు, ఖాలా తెలుగు కూరగాయల బండి వరకే. కొడుకే తర్జుమా చేశాడు.

"రాత్‌కు ఐసా లగ్‌తా బేటా, సుబహ్ నై హోనా" అంది ఖాలా.

"రాత్రి నిద్ర పట్టట్లేదంట మేడమ్" అన్నాడు కొడుకు.

తెల్లారకపోతే బాగుండు అనిపిస్తోందని ఆమె అన్నది. నేను కల్పించుకుని అదే చెప్పాను. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, కొడుకును బయట కూర్చోమంది. ఖాలా అరగంట మాట్లాడింది. ఆ అబ్బాయి అబద్ధమాడాడని నేననను. అమ్మీ నోట ఆ మాట వినలేకపోయాడు, అంతే.

షుగర్‌కు రక్తపరీక్ష ఉంది. దిగులుకు అలాంటిది లేదు, మనిషి చెప్పిన మాటే పరీక్ష. ఆ మాట ఇంట్లోవాళ్ల నోటిగుండా వెళితే జల్లెడ పట్టినట్టే. కోడలు తర్జుమా చేస్తుంటే సాస్ తన గోడు ఏం చెప్పుకుంటుంది చెప్పండి!

2017లోనే వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, జబ్బు గురించీ చికిత్స గురించీ రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటుంది. అదే ఏడాది నవంబరులో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేసింది. కాగితం మీద మన హక్కు పక్కా. కాబట్టి ఉర్దూ తెలిసిన నర్సునో, ఇంకో డాక్టర్‌నో పిలవమని అడగడానికి మొహమాటపడొద్దు. ఎర్రగడ్డ పేరు చెబితేనే మనవాళ్లు హడలిపోతారు గానీ, అందరూ అక్కడికే వెళ్లనక్కర్లేదు. మన పక్కనే ముషీరాబాద్‌లో, గాంధీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. గడప దాటలేని వాళ్లకు టెలీ మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది. తెలుగుతో పాటు హిందీలోనూ మాట్లాడతారు కాబట్టి మన దక్కనీ వాళ్లకు కొత్తేం కాదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు అమ్మీ అన్న మాటలు అన్నవి అన్నట్టే ఒక కాగితం మీద రాసుకోండి. ఉర్దూ రాయడం రాని పిల్లలు తెలుగు అక్షరాల్లో రాసినా సరే. అందులో 'మర్ జానా' అనే మాట ఉంటే మాత్రం కొట్టేయకండి, ముందు అదే చదవండి.