తెగిన పోగు

వేటపాలెంలో మా వీధంతా మగ్గాలే. తెల్లారేసరికి ఇంటింటా నాడె చప్పుడు. అందులో తాతయ్య మగ్గం ఏదో, పక్కింటి పిన్నిది ఏదో నాకు గోడ ఇవతలి నుంచే తెలిసిపోయేది.

ఆ చెవే నాకు తిట్లూ తెచ్చిపెట్టింది. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, కళ్లలో నీళ్లు. టూరింగ్ టాకీసుకి 'లవకుశ' మళ్లీ వచ్చినప్పుడు, సీతమ్మను అడవిలో వదలకముందే నా ఏడుపు మొదలు. "మగపిల్లాడివి, ఏంట్రా ఇది?" అనేవాళ్లు మావయ్యలు. బళ్లో నా పేరు ఏడుపుగొట్టు. ఆ గోల పడలేక సారస్వత నికేతనానికి పారిపోయేవాణ్ణి. 1918లో పెట్టిన లైబ్రరీ అది. 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారని ఊళ్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. నాకు మాత్రం అక్కడ ఎవరూ అరవకపోవడమే గొప్ప.

తాతయ్య ఎప్పుడూ ఏమీ అనలేదు. అప్పటికే ఆయనకి చూపు ఆనడం లేదు. పడుగులో పోగు తెగితే నన్ను పిలిచేవాడు. కళ్లు మూసుకుని వేళ్లు ఆడిస్తే, తెగినచోట బిగువు తగ్గినట్టు తగిలేది. పన్నెకి అటూ ఇటూ కొసలు పట్టుకుని, బూడిద అద్ది, మెలిపెట్టి అతికేవాణ్ణి. "మొరటు చేతికి దొరకదురా ఇది" అనేవాడు. మనసు మెత్తగా ఉండడం జబ్బు కాదు, కొందరి పుట్టుక తీరే అంతని 1996లో ఎలేన్ ఆరన్ అనే అమెరికా సైకాలజిస్టు ఏకంగా పుస్తకమే రాసింది. మా తాతయ్య అంత దూరం పోలేదు, పని చెప్పాడంతే.

ముసురు పడితే మగ్గం గుంటల్లో నీరూరేది. పని ఆగేది, కూలీ ఆగేది. అలాంటి ఓ రోజు పిన్ని మా అమ్మతో నవ్వుతూనే మాట్లాడి వెళ్లింది. ఆ నవ్వు నాకు తేడాగా వినపడింది.

"వాళ్లింట్లో పొయ్యి వెలగలేదమ్మా" అన్నాను.

"నీకెవరు చెప్పార్రా?"

ఎవరూ చెప్పలేదు. పొద్దుట్నుంచీ వాళ్ల పెంకుల మీంచి పొగ లేవలేదు. చిన్నది చింతగింజ చప్పరిస్తూ అరుగు మీదే కూర్చుంది.

బియ్యం పట్టుకెళ్తే పిన్ని పుచ్చుకోదని నాయనమ్మకి తెలుసు. "కండెలు చుట్టాలే, చేతులు చాలడం లేదు. పిల్లల్నీ తీసుకురా" అని గోడ మీంచి కేకేసింది. మగ్గమే ఆగిన రోజు కండెలెందుకని పిన్నీ అడగలేదు. మధ్యాహ్నం అందరం మా ఇంట్లోనే తిన్నాం.

ఆ తర్వాత ఎప్పుడు ముసురు పట్టినా నాయనమ్మ నా నెత్తిన గోనెసంచి కప్పి, "అలా వీధిలో ఓ చుట్టు తిరిగిరారా" అనేది. ఏం చూసి రావాలో మాత్రం చెప్పేది కాదు.