రాజుగారి చుట్టమా, కొలువువాడా?
విశాఖ నుంచి కొండెక్కి, మలుపులు తిరిగి దిగితే యారాడ. మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం. సాహిత్యాభిమానులకిది మధ్య మజిలీ. నైరుతిలో గురజాడ అప్పారావు పుట్టిన ఎస్.రాయవరం, ఉత్తరాన ఆయన బతికిన విజయనగరం. ఒడ్డున కూర్చుంటే రెండూ కనిపించవు, కొండలు అడ్డం!

1897లో 'కన్యాశుల్కం' ఆనంద గజపతికి అంకితమిచ్చిన గురజాడకు రాజులతో ఏం బంధం? ఆయన డైరీలు, ఉత్తరాలు తిరగేస్తే తెలుస్తుంది. చుట్టరికం కాదు, కొలువు. తండ్రి వెంకట రామదాసుదీ సంస్థానం ఉద్యోగమే. ఆ ఏడాదే రాజు పోయాక, ఆయన సోదరి రీవా రాణికి గురజాడ కార్యదర్శిగా పనిచేశారు.

ఒంగోలు మునిసుబ్రహ్మణ్యానికి రాసిన ఉత్తరాల్లో మాత్రం ఉద్యోగి కనిపించడు. వాడుక భాష కోసం పట్టుబట్టే రచయితే మాట్లాడతాడు. అదీ ఇంగ్లీషులో!